నాన్న రాయి, కిరండూల్ పాసింజరు

పెళ్లికీ పేరంటానికీ కాకుండా, కిలోన్నర బరువున్న రాతిపలక ఒకటి మోసుకెళ్లడానికి కిందటి నెల విశాఖ ప్రయాణం కట్టాను. పాత జరీచీర ముక్కలో చుట్టి చేతిసంచిలో పెట్టుకున్నాను. రత్నాచల్లో సామర్లకోట దాకా నిలబడే ఉన్నా సంచి కింద పెట్టలేదు. ఎదురుసీటు ఆవిడ చాలాసేపు చూసి, "కాజాలా అండీ?" అనడిగింది. "రాయండీ" అన్నాను. తుని దాకా మళ్లీ మాట్లాడలేదు.

ఆ రాయి కథ చెప్పాలి. నాన్న ఉద్యోగం మీద మూడేళ్లు బేతంచెర్లలో ఉన్నారు. అక్కడ గోడలూ కప్పులూ అరుగులూ అన్నీ నాపబండలే. ఒకరోజు బండల ఫ్యాక్టరీలో పలకని చీలుస్తుంటే లోపలి ముఖం మీద నల్లగా, పొందికగా ఫెర్న్ ఆకు కనబడిందట. బతిమాలి తెచ్చుకున్నారు. చుట్టూ అంచులు కొట్టించి, అట్టముక్క మీద తన గుండ్రటి అక్షరాలతో రాశారు: "శిలాజము. కోట్ల సంవత్సరముల నాటి ఆకు. బేతంచెర్ల, 1987." అప్పటినుంచి అది మా రాజమండ్రి ఇంట్లో షోకేసులో, కొండపల్లి ఏనుగు అంబారీకీ తాజ్‌మహల్ బొమ్మకీ మధ్య ఉంది. ఇంటికి ఎవరొచ్చినా కాఫీకన్నా ముందు ఆ రాయి వచ్చేది. ఏడో తరగతిలో స్కూలుకి పట్టుకెళ్తే సైన్సు మాస్టారు క్లాసు చేత చప్పట్లు కొట్టించారు. నాన్న పోయి ఆరేళ్లయింది. ఏనుగు తొండం విరిగింది, తాజ్‌మహల్ లైటు వెలగడం మానేసింది. రాయి మాత్రం అలాగే ఉంది.

విశాఖలో తమ్ముడి కొడుకు చిన్నూకి పదకొండేళ్లు. స్కూల్లో వాడికి శిలాజాల మీద ప్రాజెక్టు ఇచ్చారు. "అక్కా, నాన్న రాయి తీసుకురావే, వాడికి చూపిద్దాం" అని తమ్ముడు ఫోను. నాకా రెండు రోజులు సెలవు మిగిలింది. అమ్మ పెద్ద స్టీలు డబ్బాలో పులిహోర సర్ది పంపింది.

మొదటి రోజు గురించి పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. ఆటో మాట్లాడుకుని బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి దాకా వెళ్లాం. రుషికొండ దాటితే చాలు, ఆటోవాళ్లు మీటరన్న మాట ఎప్పుడూ విననట్టు మొహం పెడతారు. తొట్లకొండ కింద మంగమారిపేట దగ్గర సముద్రపు ఒడ్డున సహజంగా ఏర్పడ్డ రాతి తోరణం ఉంది. తిరుమల శిలాతోరణం పెద్దన్నయితే ఇది పోకిరి తమ్ముడు. మధ్యలో అలలు తొలిచిన కంత. చిన్నూ దాన్ని చూడగానే, "అత్తా, డైనోసార్ నడుమెముక!" అని అరిచాడు. ఆ రాళ్ల సందుల్లోంచి కోడిగుడ్డుకి నాలుగింతలున్న నున్నటి రాయొకటి ఏరాడు. అది డైనోసార్ గుడ్డు. తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. సాయంకాలం ఎండలో ఆ ఎరుపు చూస్తే చాలు, ఏం మాట్లాడాలనిపించదు. మాట్లాడనిస్తే కదా, ఎక్కడ చూసినా ప్రీవెడ్డింగ్ షూటింగులే. ఇంటికొచ్చాక చిన్నూ జేబులోంచి వేలంత పొడుగున్న తెల్లటి గొట్టం ముక్క ఒకటి బయటపడింది. దిబ్బల్లో ఏరాడట. అది పాము వెన్నెముక అన్నాడు. అలా ఒక్కరోజులో గుడ్డూ పామూ పోగయ్యాయి. నాన్న ఆకు ముందే ఉంది.

రెండోరోజు బొర్రా. నేను రాయాలనుకున్నది అసలు ఈ రోజు గురించే, అందులోనూ రైల్లో గడిచిన మూడు గంటల గురించే.

విశాఖ నుంచి బొర్రా, అరకు మీదుగా వెళ్లే కిరండూల్ పాసింజరు ఎక్కినవాళ్లకి చెప్పక్కర్లేదు. తెల్లవారకముందే స్టేషనుకి పరిగెత్తాలి, రిజర్వేషన్ లేకపోతే ఎముకలు విరగాలి, కిటికీ ఏ వైపు మంచిదన్న వాదనతో కొత్తవలస వచ్చేస్తుంది. అద్దాల పెట్టెకి టికెట్లు దొరకలేదు. దొరికినా ఆ రేటు పెట్టి కొండల్ని చూడాలంటే నాకు మనసొప్పదు. అవే కొండలు మామూలు పెట్టెలోంచీ కనబడతాయి, గాలి అదనం. తమ్ముడికి డ్యూటీ, అందుకని నేనూ చిన్నూయే. మరదలు అమ్మ ఇచ్చిన స్టీలు డబ్బా కడిగి, అందులోనే నెయ్యి కారప్పొడి రాసిన ఇడ్లీలు సర్దింది. రాయి కూడా సంచిలోనే ఉంది. గుహల్లో నాన్న రాయితో ఫొటో దిగుతాడట చిన్నూ, ప్రాజెక్టు అట్ట మీదకి.

మా ఎదుట డెబ్బై దాటిన పెద్దాయన. తెల్ల పొట్టిచేతుల చొక్కా, ఒళ్లో గుడ్డసంచి. మెడలో నల్లతాడు చొక్కా లోపలికి వెళ్లింది. రుద్రాక్ష అనుకున్నాను. శృంగవరపుకోట దగ్గర చిన్నూ గుడ్డు తీసి రుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు.

"ఏటి బాబూ అది? బంతా?"

"కాదు తాతగారూ. డైనోసార్ గుడ్డు."

ఆయన నవ్వలేదు. అదే నాకు నచ్చింది ముందు. చొక్కాలోంచి నల్లతాడు పైకి లాగారు. చివర రుద్రాక్ష కాదు, మడతపెట్టే చిన్న భూతద్దం. కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరయ్యారట, అరకులో కూతురి దగ్గరకి వెళ్తున్నారట. గుడ్డుని కిటికీ వెలుగులోకి తిప్పి చూసి, అద్దం చిన్నూ కంటికి ఆనించారు.

"ఎర్రచుక్కలు కనబడుతున్నాయా?"

"దానిమ్మ గింజల్లా ఉన్నాయి."

"గార్నెట్ అంటారు. నవరత్నాల్లో గోమేధికం ఉందే, దానికి జ్ఞాతి. కోడిగుడ్డు పెంకు ఎప్పుడైనా ఎండకి పెట్టి చూశావా? సన్నసన్న రంధ్రాలుంటాయి, లోపల పిల్ల ఊపిరి తీసుకోవాలి కదా. డైనోసార్ గుడ్డుకీ పెంకుంటది, రంధ్రాలుంటాయి. విరిగిన చోట పెంకు ఒక పొరగా, లోపలిది వేరుగా కనబడాలి. నీ రాయికి పెంకేది? బయటా లోపలా ఒక్కటే. సముద్రం దొర్లించి దొర్లించి గుండ్రం చేసింది."

చిన్నూ ఒప్పుకోలేదు. లోపల పిల్ల రాయైపోయి ఉండొచ్చు కదా అన్నాడు. అప్పుడాయన చెప్పినది నాకు బాగా గుర్తుండిపోయింది. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, సింహాచలం, ఈ రైలు ఎక్కుతున్న కొండలు, వీటిలో ఎక్కువభాగం ఖోండలైట్ అనే రాయి. ఈ కొండల్లో ఉండే కోదు గిరిజనుల పేరు మీదే 1902లో దానికా పేరు పెట్టారు. పూరీ జగన్నాథుడి గుడి కట్టిన రాయీ ఆ జాతిదే. ఒకప్పుడు అది మామూలు బురద, ఇసుక. భూమి లోపలికి కూరుకుపోయి సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట తొమ్మిది వందల డిగ్రీల వేడిలో ఉడికింది. ఆ వేడికి పాత గింజలు ఒకదాంతో ఒకటి కలిసి మారిపోయి గార్నెట్టూ ఇంకోటీ ఇంకోటీ పుట్టాయి.

"కుండ చేసి ఆవంలో కాల్చేశాక, ఆ మట్టిలో చీమ కాలు ఎక్కడుందో చూపించమంటే ఎలా బాబూ?" అన్నారు. "శిలాజం వెతికేవాడు ముందు వస్తువుని చూడకూడదు. అది ఏ రాతిలోంచి వచ్చిందో చూడాలి. ఎక్కువగా బురద, ఇసుక, సున్నం పొరలుపొరలుగా పేరుకున్న రాళ్లలోనే దొరుకుతాయి. ఇక్కడ దొరకవు."

చిన్నూ మొహం చిన్నబోయింది. ఓదార్పుగా ఆయన తన చిట్కా ఒకటి చెప్పారు. శిలాజమైన ఎముకా రాయా తెలియకపోతే నాలుక కొసకి తగిలిస్తారట. పాత ఎముకలో సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి చాలాసార్లు తడిని పీల్చుకుని నాలుకకి అతుక్కుంటుంది. మామూలు రాయి జారిపోతుంది. నేను వద్దు వద్దనేలోపు వీడు గుడ్డుని నాకేశాడు. మంగమారిపేట ఒడ్డున ఆ రాళ్ల మధ్య ఏమేమి పడుంటాయో నేను కళ్లారా చూశాను. నీళ్లసీసా మొత్తం పుక్కిలింతలకే సరిపోయింది.

ఇక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఇంత తెలిసినాయన దొరికాడు, నాన్న రాయి చూపిస్తే మెచ్చుకుంటాడు అనిపించింది. ఏడో తరగతి చప్పట్లు ఇంకా చెవిలో ఉన్నట్టున్నాయి. జరీగుడ్డ విప్పి ఒళ్లో పెట్టాను. అట్టముక్క కూడా.

ఆయన అట్ట చదివారు. రాయి చూశారు. మళ్లీ అట్ట చదివారు.

"మీ నాన్నగారి దస్తూరీయా అమ్మా? చక్కగా ఉంది."

దస్తూరీని పొగిడారంటేనే నాకు అర్థమైపోయింది. డాక్టర్లు ఇలాగే చేస్తారు, ముందు చీర బాగుందంటారు.

నాకేమీ చెప్పకుండా భూతద్దం మళ్లీ చిన్నూకే ఇచ్చారు.

"ఆకు మధ్యలో ఏముంటది బాబూ?"

"ఈనె."

"దీన్లో ఈనె వెతుకు."

చిన్నూ చాలాసేపు వెతికాడు. లేదన్నాడు. కొమ్మలు ఎక్కడ మొదలయ్యాయో చూడమన్నారు. రాయికి అడ్డంగా ఒక సన్న గీటు ఉంది, అక్కడినుంచే అన్నీ అటూ ఇటూ పాకాయి. నలభై ఏళ్లుగా ఆ రాయిని తుడుస్తున్నాను, ఆ గీటుని చూడలేదు.

"అది పగులమ్మా. రాయి తయారైపోయిన చాలాకాలానికి పగుల్లోంచీ పొరల సందుల్లోంచీ నీళ్లు దూరతాయి. ఆ నీళ్లలో మాంగనీసూ ఇనుమూ కరిగి ఉంటాయి. ఇంకిపోయేటప్పుడు అవి కొమ్మలేసుకుంటూ పేరుకుంటాయి, తడి కాగితం మీద ఇంకుచుక్క పాకినట్టు. డెండ్రైట్ అంటారు. ఆకైతే ఎక్కడో ఒకచోట అంచుంటది, ఆగుతాది. ఇది చోటున్నంత మేరా పాకుతాది."

నేను ఒప్పుకోలేదు. ఎందుకు కాకూడదు అన్నాను, గొంతు కొంచెం పెరిగింది. అవతలి సీటువాళ్లు అటుకులు నమలడం ఆపి చూశారు.

"మీరన్నట్టే కోట్ల ఏళ్లనాటిదే అమ్మా. మీ నాన్నగారు రాసినదాంట్లో అది తప్పు కాదు. చిక్కల్లా అక్కడే ఉంది. బేతంచెర్ల నాపరాయి వయసు 50 కోట్ల ఏళ్లకి పైమాటే. నేల మీద మొక్కలన్నవి మొదలై 47 కోట్ల ఏళ్లు. ఫెర్న్‌లు ఇంకా తర్వాత. ఆ రాయి పుట్టినప్పుడు అందులో పడటానికి ఆకే లేదు."

శివలింగపురం దాటాం. సొరంగాలు మొదలయ్యాయి. ఈ లైన్లో యాభై ఎనిమిది ఉంటాయంటారు. సొరంగం రాగానే కుర్రాళ్లంతా కేకలు పెడతారు కదా, ఆ చీకట్లో, ఆ కేకల్లో నేను రాయిని మళ్లీ జరీగుడ్డలో చుట్టేశాను. కోపం ఎవరి మీదో తెలియదు. అడగకుండా చెప్పాడని ఆయన మీద అనుకుందామంటే అడిగింది నేనే. వెలుగొచ్చాక కిటికీలోంచి లోయ చూస్తూ కూర్చున్నాను. చాలా బాగుందనుకుంటాను, ఏమీ గుర్తులేదు.

ఆయన కాసేపాగి, నాతో కాకుండా చిన్నూతో అన్నట్టుగా ఇంకో సంగతి మొదలుపెట్టారు. భోపాల్ దగ్గర భీంబేట్కా గుహలున్నాయి, ఆదిమానవుల బొమ్మలవి. 2020లో కొందరు పెద్ద శాస్త్రవేత్తలు అక్కడ గుహ కప్పు మీద ఆకులాంటి ముద్ర ఒకటి చూశారు. 55 కోట్ల ఏళ్ల కిందటి డికిన్సోనియా అనే తొలినాటి జీవి అనుకున్నారు. 2021లో పేరున్న పత్రికలో అచ్చయింది, దేశమంతా పేపర్లలో వచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే వేరే శాస్త్రవేత్తలు వెళ్లి చూస్తే ఆ ముద్ర రాతినుంచి ఊడి రాలుతోంది. దగ్గరగా చూస్తే మైనం, గదులు. రాలిపోయిన తేనెపట్టు!

చిన్నూ పడీపడీ నవ్వాడు. "మొదట రాసినవాళ్లు ఏమన్నారు తాతగారూ?"

"తప్పే అని ఒప్పుకున్నారు. మరేటి చేస్తారు? అంతటి వాళ్లకే తేనెపట్టు శిలాజమైంది. మీ తాతగారిది దానికన్నా నయం బాబూ, కనీసం రాయే."

నాకూ నవ్వొచ్చింది, రాకుండా ఉండాలని చూశాను గానీ. డబ్బా తెరిచి ఇడ్లీలు పెట్టాను. "మాస్టారూ తీసుకోండి" అంటే రెండు తీసుకుని, కారప్పొడి ఘాటుకి కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "మీదే ఊరమ్మా?" అన్నారు.

"రాజమండ్రండి. క్వారీ సెంటరు దగ్గర."

ఆయన ఇడ్లీ చేతిలోనే పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆగలేదు. "క్వారీ సెంటరులో ఇల్లు పెట్టుకుని, శిలాజం పట్టుకుని విశాఖపట్నం వచ్చారా?"

మా రాజమండ్రి పక్కన కాతేరు ఉంది. గోదావరికి ఈ ఒడ్డున కాతేరు, ఆ ఒడ్డున పంగిడి, గౌరీపట్నం. అన్నీ నల్లరాయి క్వారీలు. లారీల దుమ్ము, బ్లాస్టింగుకి ఇళ్లగోడలు బీటలు, ఇంతే నాకు తెలిసిన కాతేరు. చిన్నప్పుడు అమ్మమ్మతో అటు గుడికి వెళ్లేటప్పుడు ముక్కు మూసుకునేవాళ్లం. ఆ నల్లరాయి గడ్డకట్టిన లావా అట. మహారాష్ట్రలో చాలాభాగం పరుచుకున్న దక్కన్ లావా పొంగిన కాలానిదే, ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది. ఒక లావా పొంగుకీ ఇంకో పొంగుకీ నడుమ ఖాళీ దొరికిన కాలంలో అక్కడ ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే మడుగులుండేవి. వాటి అడుగున పేరుకున్న సున్నపు పొర రెండు లావాల మధ్య అట్టులో కూరలా ఇరుక్కుంది. ఆ పొరలో నత్తలూ ఆల్చిప్పలూ ఉన్నాయి, బ్రిటిషు కాలం నుంచీ జియాలజిస్టులు వచ్చి చూసిపోతున్నారట. పక్కనే దుద్దుకూరు దగ్గర లావా కింది పొరలో మర మేకులా మెలితిరిగిన గవ్వలు కూడా.

"ఏటా పిల్లల్ని బస్సెక్కించుకుని మీ ఊరొచ్చేవాణ్ణమ్మా. మధ్యాన్నం రోజ్‌మిల్క్ తాగి వెళ్లేవాళ్లం."

రోజ్‌మిల్క్ అనేసరికి ఆయన చెప్పినదంతా నమ్మేశాను.

చిన్నూకి అర్థంకానిదేమిటంటే నత్తగుల్లయితే శిలాజమని ఎలా తెలుస్తుంది అని. మాస్టారు వాడి నోటుబుక్కులో చుట్ట గీశారు. నత్త ఏ చుట్టుకాచుట్టు ఒక లెక్కలో పెద్దదవుతుంది. ఒక గవ్వ దొరికిన చోట అదే ఆకారంతో ఇంకో పది దొరుకుతాయి, చిన్నవీ పెద్దవీ, పిల్లలూ తల్లులూ. రాయి తనంతట తాను చుట్ట తిరిగితే ఒక్కటి తిరుగుతుంది, ఇంకోటి ఇంకోలా ఉంటుంది. "బతికినదానికి చుట్టాలుంటారు బాబూ" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మా ఇంట్లో దేవుడి మందిరంలోనే ఉంది శిలాజం" అన్నారు. సాలగ్రామం! నేపాల్లో గండకీ నదిలో దొరికే నల్లరాయి. హిమాలయాలు లేవకముందు అక్కడ సముద్రం ఉండేది, అందులో బతికిన అమ్మోనైట్ అనే జీవి గుల్ల అది. మనం చక్రం అనేది ఆ గుల్లలోని చుట్లు. ముప్ఫై ఐదేళ్లు జియాలజీ పాఠం చెప్పినా పొద్దున్నే దానికి పాలతో అభిషేకం మానలేదట. రెండింటికీ గొడవేమీ రాలేదా అని అడిగాను. "నాకు రాలేదు. మా ఆవిడకీ నాకూ వచ్చింది, పాల ఖర్చు మీద" అన్నారు.

చిమిడిపల్లి దాటాక చిన్నూ జేబులోంచి తెల్ల గొట్టం తీశాడు. నేను కళ్లతో వారించాను. ఎర్రమట్టి దిబ్బలు రక్షిత ప్రదేశం, బోర్డు కూడా చూశాం. మాస్టారు ముందు ఆ సంగతే అడిగారు. వాడు తలదించుకున్నాడు. "తప్పు బాబూ" అని ఒక్కమాటే అని, అద్దం తీశారు. ఈసారి ఆయన మొహంలో తొందర లేదు. మరమరాల మిక్చరు అమ్ముతున్న కుర్రాణ్ణి పిలిచి, మిక్చరు కొని, వాడి దగ్గర నిమ్మచెక్క అడిగి తీసుకున్నారు. గొట్టం మీద రెండు చుక్కలు పిండారు. సన్నటి బుడగలు లేచాయి. చిన్నూ ఎగిరి గంతేశాడు.

"ఆగాగు. బుడగలొస్తే సున్నం ఉందని అర్థం. ప్రాణం ఉండేదని కాదు. మీ ఇంటి గోడ మీద పిండినా వస్తాయి."

కానీ గొట్టం మధ్యలో సన్నటి బెజ్జం ఉంది. ఇసుకదిబ్బల్లో మొక్కల వేళ్ల చుట్టూ ఒక్కోసారి సున్నం పేరుకుంటుంది. వేరు కుళ్లిపోయాక ఒర మిగిలిపోతుంది, కత్తి పోయి ఒర మిగిలినట్టు. అలాంటిదైతే పామూ కాదు, వట్టి రాయీ కాదు, ఒకనాటి వేరు ఆనవాలు. అయితే ఊరికే నీళ్లు కారిన దారిలో కట్టిన సున్నపు గడ్డ కూడా ఇలాగే ఉండొచ్చు.

"ఏది తాతగారూ మరి?"

"అదే చెప్పలేను. ఎక్కడ దొరికింది? నిలువుగా ఉందా, పడుందా? కిందికి పోనుపోను సన్నబడిందా? పక్కన ఇంకా ఉన్నాయా?"

చిన్నూకి ఏమీ గుర్తులేదు. నేల మీద పడుందనుకుంటా అన్నాడు. నిలువుగా ఉండేది అనుకుంటా అని మళ్లీ అన్నాడు. మాస్టారు గొట్టాన్ని వాడి అరచేతిలో పెట్టి మూసేశారు. "అక్కడే ఉండి ఉంటే చెప్పగలిగేవాళ్లం. ఇప్పుడు నీకూ తెలీదు, నాకూ తెలీదు."

నిలువా అడ్డమా అని వాళ్లిద్దరూ నోటుబుక్కులో బొమ్మలు గీస్తుండగానే రైలు ఆగింది. బొర్రాగుహలు! ఆగేది రెండు మూడు నిమిషాలు. సంచి, వాటర్ బాటిల్, చిన్నూ చెప్పులు, చిన్నూ. జనాన్ని తోసుకుని దూకినంత పని చేశాం. మాస్టారు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ ఏదో అరిచారు. టాటా చెబుతున్నారనుకుని మేమూ ఊపాం.

గుహల సంగతి అందరికీ తెలిసిందే. టికెట్టు వేరు, కెమెరాకి వేరు, సెల్లుకి వేరు. మేకల్లా తోలుకుంటూ లోపలికి. లైట్లకి ఆ ఆకుపచ్చా గులాబీ రంగులు ఎవరు ఎంచారో గానీ, కోట్ల ఏళ్ల రాతిని రికార్డింగ్ డ్యాన్సు స్టేజీ చేశారు. అయినా తల పైకెత్తితే నోట మాట రాదు, అదీ నిజం. ఒక గైడు టార్చి కొట్టి చూపిస్తున్నాడు: శివపార్వతులు, తల్లీబిడ్డ, రుషి గడ్డం, మొసలి, మనిషి మెదడు. చిన్నూ చెయ్యెత్తి, "మొసలి శిలాజమా అండీ?" అన్నాడు. "అవును బాబూ, లక్షల ఏళ్ల మొసలి" అన్నాడు గైడు. నిన్నటి రోజైతే ఇద్దరం నమ్మేవాళ్లం. చిన్నూ నా చెయ్యి గిల్లి, "కళ్లు రెండువైపులా ఒకేలా లేవత్తా" అన్నాడు గుసగుసగా. వానచుక్క గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడు కలుపుకుని, సున్నపురాతిని కరిగించుకుని, కప్పు నుంచి కారుతూ ఆ సున్నాన్ని చుక్కచుక్కగా వదిలేస్తే తయారైన మొసలి అది. ఇక్కడి సున్నపురాయి కూడా ఆ పాత వేడిలో ఉడికి పాలరాయైనదే, దాంట్లోనూ ఏమీ మిగలదు. అదే బేతంచెర్ల దగ్గర బిళ్లసర్గం గుహల్లో 1884లో బ్రూస్ ఫుట్ అనే బ్రిటిషు జియాలజిస్టు, ఆయన కొడుకూ తవ్వితే అడుగు మట్టిలో నిజంగా పాత జంతువుల ఎముకలు గుట్టలుగా దొరికాయి. మూడేళ్లు ఆ ఊళ్లో ఉండి నాన్న ఆ గుహలకి వెళ్లారో లేదో. అడగలేదు ఎప్పుడూ.

లోపల నీరు ఊరే చోట్ల రాతి మీద నారింజరంగు జిగురు పట్టి ఉంటుందనీ, అందులో బ్యాక్టీరియా బతికే ఉంటుందనీ, చూడమనీ మాస్టారు రైల్లో చెప్పారు. వెతికి వెతికి ఒక మూల నాచులాంటిది చూశాం. అదేనో కాదో. మేం దాన్ని చూస్తుంటే వెనకవాళ్లు, "జరగండమ్మా, అక్కడేం లేదు" అన్నారు. నాన్న రాయితో ఫొటో దిగే చోటు రాగానే చిన్నూ వద్దులే అత్తా అన్నాడు. అప్పుడు మాత్రం గుండెలో కొంచెం కలుక్కుమంది. నేనే బలవంతంగా రాయి బయటికి తీసి, వాడి చేతికిచ్చి, తీశాను. ఫొటోలో వాడు రాయిని చూస్తున్నాడు, కెమెరాని కాదు.

బయటికొచ్చి బొంగు చికెన్ రేటు విని వెనక్కి తగ్గి, పోనీ మిగిలిన ఇడ్లీలు తిందామని సంచి తెరిచాను. డబ్బా లేదు. అప్పుడర్థమైంది, మాస్టారు కిటికీలోంచి అరిచింది టాటా కాదు. ఆయన పేరడగలేదు, నంబరు తీసుకోలేదు. మూడు గంటలు మాట్లాడుకున్నాం, మాస్టారూ అమ్మా అనుకుంటూనే సరిపోయింది.

తిరుగు ప్రయాణం బస్సులో వాంతులతో గడిచింది, వదిలేస్తున్నాను. మర్నాడు తమ్ముడు స్కూటరు మీద చిన్నూని ఎర్రమట్టి దిబ్బలకి తీసుకెళ్లి గొట్టం ముక్క వదిలేయించి వచ్చాడు. దొరికిన చోటు కాదులే, ఆ చుట్టుపక్కల. ప్రాజెక్టు పేరు వాడు మార్చుకున్నాడు, "శిలాజాలు కానివి" అని. నాన్న రాయి ఫొటో మొదటి పేజీలో అతికించాడు. మార్కులు ఇంకా రాలేదు.

నేను రాజమండ్రి చేరేసరికి రాత్రి తొమ్మిదైంది. కాతేరు ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ ఇంకా వెళ్లలేదు, ఎండలు ముదిరాయి. అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. రాయిని జరీగుడ్డలోంచి తీసి పైటకొంగుతో తుడిచి ఏనుగు పక్కన పెట్టింది. అట్ట నిలబెట్టబోతుంటే, ఇక చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"అది ఆకు కాదట అమ్మా. మాంగనీసట. నీళ్లలోంచి వచ్చిన మరకట."

అమ్మ అట్ట వైపు చూసింది. "మరకని షోకేసులో పెట్టారంటే ఎవరొచ్చి చూస్తారే" అని దాన్ని మామూలు చోటే నిలబెట్టింది. తర్వాత సంచి తిరగేసి దులిపింది.

"డబ్బా ఏదీ?"

రైల్లో మర్చిపోయానని చెప్పాను. ఎవరో పెద్దాయన దగ్గరుందని, మంచాయనేనని, అరకులో కూతురుందని కూడా చెప్పాను. అమ్మ అక్కడే కుర్చీలో కూలబడింది.

"ఆ రాయి పారేసుకొచ్చినా ఊరుకునేదాన్ని" అంది. "డబ్బా మీద ఆయన పేరు చెక్కించుకున్నాం కదే."